పై అంతస్తు ఐరిష్ పిల్ల

ఆ పిల్లను నేను మొదటిసారి చూసినప్పుడు సైకిలు భుజానికి తగిలించుకుని మెట్లెక్కుతోంది. ఎనభై ఒకటి ఫిబ్రవరి. సన్నీవేల్‌లో మేముండే అపార్ట్‌మెంటుకి రెండే అంతస్తులు, లిఫ్టు లేదు. వారం రోజులుగా ముసురు పట్టి ఉంది. పిల్ల తలనుంచి కాళ్ళదాకా తడిసిపోయింది. ముక్కు మీద, కనుబొమల మీద బురద చుక్కలు. బక్కపలచగా, ఎర్రజుట్టుతో, చూస్తే పదహారేళ్ళు కూడా లేనట్టుంది. నేను చెత్తసంచీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటే నన్ను చూసి ఆగి, "మీ దగ్గర పాత పేపర్లు ఉంటే కొన్ని ఇస్తారా?" అంది.

ఆ యాస నాకు సగమే అర్థమైంది. రెండోసారి చెబితే తెలిసింది. తడిసిన బూట్లలో పేపర్లు కుక్కి పెడితే పొద్దున్నకి ఆరతాయట. లోపలికి వెళ్ళి చేతికందిన కట్ట తెచ్చి ఇచ్చాను. మర్నాడు ఆఫీసుకి బయల్దేరిన మా ఆయన మెట్ల దగ్గరే ఆగిపోయి నన్ను కేకేశారు. పై అంతస్తు కమ్మీకి రెండు బూట్లు వేలాడుతున్నాయి. వాటిలోంచి ఆయన ఇండియా నుంచి పోస్టులో తెప్పించుకునే తెలుగు వారపత్రిక బయటికి తొంగిచూస్తోంది.

"ఏమోయ్, నేనింకా ఆ సీరియల్ చదవనే లేదు," అన్నారు దిగులుగా.

అలా మొదలైంది మా పరిచయం.

పైన ఉండే ఐరిష్ పెద్దావిడకి ఆ పిల్ల తమ్ముడి కూతురు. పెద్దావిడ పళ్ళు డబ్బాల్లో నింపే క్యానరీలో పనిచేసేది. మంచి మనిషి, కానీ వంట విషయంలో బంగాళాదుంపలు ఉడకబెట్టడం దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. పిల్లకి పంతొమ్మిదేళ్ళు. వాళ్ళ ఊరు ఐర్లండులో పశ్చిమంగా ఎక్కడో ఉంది. తండ్రి అక్కడి పాలకేంద్రంలో మేస్త్రీ. ముగ్గురు అన్నలూ సైకిలు రేసులకి వెళుతుంటే వెనకపడి తొక్కడం నేర్చుకుంది. పదిహేనేళ్ళు వచ్చేసరికి కొండల మీద అన్నలు ఆమెకి వెనకపడ్డారు. కానీ అక్కడ ఆడపిల్లలకి రేసు పెడితే నలుగురో అయిదుగురో వచ్చేవారట. "గెలిచినా గెలిచినట్టు ఉండేది కాదు. రెండో స్థానంలో ఎవరొచ్చారని అడిగేవాళ్ళు కూడా ఉండరు," అంది ఒకసారి. కాలిఫోర్నియాలో ఆడవాళ్ళ రేసుకి నలభై, యాభైమంది వస్తారని ఎవరో చెబితే, మేనత్త సోఫా మీద పడుకోవడానికి సిద్ధపడి వచ్చేసింది. తండ్రి ఒక్కటే షరతు పెట్టాడు. సెప్టెంబరుకల్లా తిరిగి రావాలి. పాలకేంద్రం ఆఫీసులో ఆమె కోసం ఒక ఉద్యోగం మాట్లాడి ఉంచాడు.

నేను వచ్చి అప్పటికి ఏడాదిన్నర. మా ఆయన చిప్పుల కంపెనీలో ఇంజనీరు. చిప్పులంటే మా అమ్మ కొబ్బరిచిప్పలనుకుని చాలా రోజులు దిగులుపడింది. ఆయన పొద్దున వెళితే చీకటి పడ్డాక వచ్చేవారు. నేను ఎమ్మెస్సీ చదివి కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చునేదాన్ని. అక్కడ కారు నడపడం రాకపోతే కాళ్ళు లేనట్టే. డ్రైవింగ్ టెస్టు రెండుసార్లు తప్పాను. మొదటిసారి చెత్తడబ్బాని గుద్దాను. రెండోసారి ఎడమవైపు తిరగాల్సిన చోట ఎదురుగా వచ్చే కార్లు ఎప్పటికీ ఆగవనిపించి, లైటు మూడుసార్లు మారినా కదల్లేదు. పక్కన కూర్చున్న ఆఫీసరు చివరికి, "అమ్మా, మీరు దిగండి, నేను నడుపుతాను," అన్నాడు. ఆ తర్వాత తాళాలు ముట్టుకోలేదు.

ఆ పిల్ల రోజూ మధ్యాహ్నం కొండల మీంచి తిరిగొచ్చాక ఆకలితో మెట్ల మీద కూలబడేది. ఒకరోజు పులిహోర వాసనకి మా తలుపు దగ్గర నిలబడిపోయింది. లోపలికి పిలిచి పెట్టాను. మూడుసార్లు పెట్టించుకుని తిన్నది. కరివేపాకు కూడా నమిలేసింది. నన్ను 'మిసెస్' అని పిలవబోతే, "నాకు ఇరవయ్యారేళ్ళే, అక్కా అను చాలు," అన్నాను. ఆ మాట ఆ నోట్లో 'ఆకా' అయింది. చివరివరకూ ఆకాగానే ఉండిపోయింది.

పులిహోర చిన్న చిన్న ఉండలు చేసి అల్యూమినియం రేకులో చుట్టి ఇస్తే రేసు జెర్సీ చొక్కా వెనక జేబుల్లో పెట్టుకుని తీసుకెళ్ళేది. నువ్వులుండలు కూడా చేశాను. బెల్లం దొరక్క బ్రౌన్ షుగర్‌తో పాకం పడితే మొదటి వాయి రాయిలా వచ్చింది. దాన్నీ తిన్నది. మజ్జిగ ఇచ్చిన రోజున మాత్రం గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"మా నాన్న రోజూ భోజనంలో తాగుతాడు. మా ఊరు దాటితే ఇది ఎవరికీ తెలియదనుకున్నాను," అంది.

నాకూ అదే అనిపించిందని చెప్పాను. అల్లం, ఉప్పు, నిమ్మకాయ మాత్రం వాళ్ళ మజ్జిగలో ఉండవట.

మార్చిలో మొదటి పెద్ద రేసు. కాలిఫోర్నియా నడిమి లోయలో, బాదం తోటల మధ్య. పెద్దావిడకి శనివారాలు పని. ఎవరు తీసుకెళతారు? మా ఆయన తీసుకెళతానన్నారు. ఆయనకి సైకిలు మీద అంత ప్రేమ ఉందని నాకప్పటిదాకా తెలియదు. పిల్ల దగ్గర కూర్చుని ఏ గేరుకి ఎన్ని పళ్ళు, ఒక్క తొక్కుకి చక్రం ఎంత దూరం పోతుంది అని లెక్కలు వేసి ఒక పుస్తకం నింపేశారు. ఆ పిల్ల ఆ పుస్తకాన్ని గౌరవంగా చూసి, పక్కన పెట్టి, కాళ్ళు చెప్పినట్టే తొక్కేది.

రేసులో దారి మధ్యన నీళ్ళ బాటిలు అందించాలి. అది మా ఆయన వల్ల కాదు, ఆయన కెమెరాతో ఉంటారు. నేనే అందించాలి. పార్కింగ్ లాట్‌లో నాకు శిక్షణ మొదలైంది. నేను చీరకొంగు దోపుకుని బాటిలు పైభాగం రెండు వేళ్ళతో పట్టుకుని చెయ్యి చాపి నిలబడాలి. ఆ పిల్ల వేగంగా వచ్చి లాక్కుంటుంది. ఆ క్షణంలో నేను వదిలెయ్యాలి. మొదటి పదిసార్లు వదల్లేకపోయాను.

"అక్కా, గట్టిగా పట్టుకోకు. నేను అడిగితే ఇచ్చెయ్యి, అంతే."

"నువ్వంత వేగంగా వస్తుంటే భయంతో పట్టుకుంటున్నానమ్మా."

"అయితే కాస్త నాతోపాటు పరిగెత్తు. అప్పుడు నేను అంత వేగంగా ఉన్నట్టుండను."

పరిగెత్తాను. పెళ్ళయ్యాక పరిగెత్తడం అదే మొదటిసారి. అపార్ట్‌మెంట్లలోని పిల్లలంతా బాల్కనీల్లోకి వచ్చి చూశారు. చీర వదిలేసి ప్యాంటు వేసుకోవడం కూడా ఆ వారమే మొదలైంది.

బాదం తోటలు పూతమీద ఉన్నాయి. ఎటు చూసినా తెల్లగా, రోడ్డు మీద కూడా తెల్లటి రేకులు. దాంట్లోంచి యాభైమంది ఆడవాళ్ళు గుంపుగా రావడం నేను మొదటిసారి చూశాను. ముందు శబ్దం వచ్చింది. గొలుసులు, చక్రాలు, అన్నీ కలిసి తేనెతుట్టెలోంచి వచ్చినట్టు. నాకేం అరవాలో తెలియలేదు. నోటికొచ్చిందే అరిచాను. "పద! పద! తొక్కు!" అని. ఆ పిల్ల నవ్వుతూ బాటిలు లాక్కుని పోయింది. ఆ రోజు పదకొండో స్థానం. "నీ గొంతు దూరంనుంచే తెలిసింది. అందరూ ఒకేలా అరుస్తుంటే నీదొక్కటే వేరుగా ఉంది," అంది. ఏప్రిల్ వచ్చేసరికి రోడ్డు పక్కన నిలబడే అమెరికన్ ఆడవాళ్ళు కూడా "పాడా పాడా" అని అరవడం మొదలుపెట్టారు. అర్థం అడిగితే చెప్పాను. నచ్చిందన్నారు.

ఆ వసంతమంతా ప్రతి శనివారం ఒక ఊరు. పదకొండు తర్వాత ఏడు, ఆ తర్వాత మూడు. చదునుగా ఉన్న చోట ఆమె గుంపులో తప్పిపోయేది. మలుపుల్లో భయపడేది. కొండ వచ్చిందంటే మాత్రం వేరే మనిషి. సీటు మీంచి లేచేది కాదు, మొహంలో ఏమీ కనిపించేది కాదు, పక్కవాళ్ళు ఒక్కొక్కరే వెనకబడేవారు. మే నెలలో సముద్రం వైపు కొండమీద ముగిసే రేసులో మొదటిసారి గెలిచింది. గీత దాటాక సైకిలు దిగి, గడ్డిలో బోర్లా పడుకుని, "రెండో స్థానంలో ఎవరు వచ్చారు?" అని అడిగింది. చెప్పాను. "చాలా మంచి రైడరు ఆమె," అంది సంతోషంగా. ఆ సంతోషం ఎందుకో నాకు మాత్రమే తెలుసు.

తండ్రికి ప్రతివారం ఉత్తరం రాసేది. జవాబులు నాకూ చదివి వినిపించేది. వాటిలో వాన ఎంత పడిందో ఉండేది, ఏ ఆవు ఈనిందో ఉండేది, గడ్డి కోత సంగతి ఉండేది. రేసు ఊసు ఒక్కసారీ ఉండేది కాదు. చివర్లో మాత్రం సెప్టెంబరు గుర్తుచేసేవాడు.

నాకు కారు నేర్పింది ఆ పిల్లే. వాళ్ళ ఊళ్ళో ట్రాక్టరు, పాలవ్యాను నడిపిన లైసెన్సు ఉంది. కానీ రోడ్డుకి ఇటువైపు నడపడం తనకీ కొత్తే. ఇద్దరం ఆదివారాలు ఖాళీగా ఉండే ఆఫీసుల పార్కింగ్ లాట్లలో తిరిగేవాళ్ళం. నేను మళ్ళీ ఒక చెత్తడబ్బా వైపు పోతుంటే స్టీరింగ్ పట్టుకుని ఆపింది.

"అక్కా, నువ్వు భయపడే దాని వైపే చూస్తున్నావు. ఎటు చూస్తే చేతులు అటే పోతాయి. సైకిలయినా అంతే. పోవాల్సిన చోటు చూడు."

"మరి మలుపుల్లో నువ్వెందుకు భయపడతావు?"

ఆమె స్టీరింగ్ వదిలేసింది. "చెప్పడం తేలిక," అని నవ్వింది.

జూన్‌లో, మూడో ప్రయత్నంలో టెస్టు ప్యాసయ్యాను. మా ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి చెబితే, "నిజంగానా?" అని రెండుసార్లు అడిగారు. నాకు కోపం వచ్చింది.

ఆ నెలలోనే ఆమె రేసులాడే క్లబ్బులోని ముసలి కోచ్ ఒక సంగతి చెప్పాడు. కొలరాడోలో వారం రోజుల రేసు. రోజుకో ఊరు, అన్ని రోజుల సమయమూ కలిపి లెక్క. దేశంలోని మంచి రైడర్లందరూ వస్తారు. పేరు పంపాడు. ఒప్పుకున్నారు. మా ఆయనకి సెలవు దొరకలేదు. పెద్దావిడకి క్యానరీలో టమాటాల కాలం. ఇక మిగిలింది నేను. లైసెన్సు వచ్చి అయిదు వారాలయింది.

"నువ్వు నెవాడా ఎడారి దాటి నడుపుతావా?" అన్నారు మా ఆయన.

"ఆ అమ్మాయి కూడా నడుపుతుందిగా. చెరో సగం," అన్నాను.

ఆ రెండు రోజుల ప్రయాణం నాకింకా కళ్ళకి కట్టినట్టే ఉంది. మా పాత స్టేషన్ వాగన్‌కి ఏసీ లేదు. కిటికీలు దించితే వేడిగాలి, ఎత్తితే ఉక్క. వెనక సైకిలు, రెండు అదనపు చక్రాలు, ఐస్‌పెట్టె, పొయ్యి, బియ్యం సంచీ. దారి తిన్నగా, మనిషి జాడ లేకుండా, కంటికి ఆనే వరకూ పోయేది. ఆమె వాళ్ళ ఊరి పాటలు పాడింది. నేను నాకొచ్చిన పాటలు పాడాను. ఒకరివి ఒకరికి అర్థం కాకపోయినా ఎక్కడ దుఃఖం ఉందో ఇద్దరికీ తెలిసింది. యూటాలో ఉప్పు పేరుకున్న బయలు దగ్గర కారు ఆపి, దిగి, ఆ తెల్లటి నేల మీద కాసేపు నిలబడ్డాం. నా వెనక ఎవరూ లేరు, నన్ను ఎవరూ తీసుకురాలేదు, నేనే నడుపుకుంటూ వచ్చాను అనుకున్నాను. అంత గర్వం నాకు ఎమ్మెస్సీ పట్టా తీసుకున్న రోజున కూడా కలగలేదు.

రేసులో నాలుగు రోజులు గడిచేసరికి ఆ పిల్ల రెండో స్థానంలో ఉంది. ఎవరికీ తెలియని ఎర్రజుట్టు పిల్ల ఎవరని అందరూ అడుగుతున్నారు. అయిదో రోజు కొండ రోజు. ఎండ మండిపోతోంది, ఎత్తు మీద గాలి పలచగా ఉంది. కొండ మొదట్లో బాటిళ్ళు అందించే చోటు. ఆమె పొద్దున్నే చెప్పింది. "ఈ రోజు మజ్జిగ ఇవ్వు అక్కా. ఉత్త నీళ్ళు కడుపులో నిలవడం లేదు." మోటెల్ గదిలో చిక్కటి పెరుగు పలచగా చిలికి, అల్లం, ఉప్పు, నిమ్మరసం వేసి ఐసులో పెట్టి తీసుకెళ్ళాను. ఒక పచ్చిమిరపకాయ కూడా చీల్చి వేశాను, రుచి బాగుంటుందని.

అందరికన్నా ముందున్న ఏడుగురి గుంపు వచ్చింది. మా పిల్ల అందులో ఉంది, కానీ అవతలి పక్కన. ఆమెకీ నాకూ మధ్య పొడుగాటి అమెరికన్ రైడరు ఒకామె. నేను చెయ్యి చాపి పరిగెత్తాను. ఒక చెయ్యి వచ్చింది. నేర్పినట్టే వదిలేశాను. అప్పుడు చూశాను. మా పిల్ల చెయ్యి ఖాళీగా చాపి ఉంది. బాటిలు పొడుగామె చేతిలో ఉంది. నేను అరుస్తూ వెనక పరిగెత్తాను. రెండో బాటిలు ఐస్‌పెట్టెలో ఉంది. అది తెచ్చేలోపల వాళ్ళు మలుపు తిరిగిపోయారు.

తర్వాత జరిగింది పైన ఆఖరి గీత దగ్గర విన్నాను. సగం కొండ వరకూ ఆమె ముందే ఉంది. తర్వాత ఒక్కసారిగా కాళ్ళు ఆగిపోయాయి. ముందున్న వాళ్ళు వచ్చిన ఎంతోసేపటికి వచ్చింది. రెండో స్థానంనుంచి తొమ్మిదికి పడిపోయింది. కారు పక్కన నీడలో కూర్చుంది. పెదవుల మీద ఉప్పు తెల్లగా పేరుకుంది. నేను నీళ్ళు ఇచ్చి ఏడవడం మొదలుపెట్టాను. సముద్రం దాటి వచ్చి, ఇన్ని నెలలు కష్టపడి, నా చేతిలో పోయిందనిపించింది.

"ఏడవకు అక్కా. బాటిలు ఉన్న పక్కకి నేను రావాలి. అది నా పని. రాలేకపోయాను," అంది. గొంతు పీలగా ఉంది. కోపం ఉందేమోనని మొహంలో వెతికాను. అలసట తప్ప ఏమీ లేదు.

అప్పుడు ఆ పొడుగామె సైకిలు నడిపించుకుంటూ వచ్చింది. ముప్ఫైయేళ్ళుంటాయి. మిన్నెసోటాలో బడిలో లెక్కలు చెబుతుందని తర్వాత తెలిసింది. చేతిలో మా బాటిలు.

"ఇది మీదేనా? నాకు బాటిలు ఇచ్చే మనిషి రాలేదు. చెయ్యి కనిపిస్తే అందుకున్నాను. ఎవరి కోసమో చూడలేదు. నన్ను క్షమించండి."

నేను బాటిలు తీసుకున్నాను. ఆమె ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"ఒకటి అడగొచ్చా? ఇందులో ఏముంది? మొదటి గుక్కకి నన్ను ఎవరో చంపాలని చూస్తున్నారనుకున్నాను. నోరంతా మంట. రెండో గుక్క తాగాక ఆపలేకపోయాను."

మా పిల్ల తలెత్తి నా వైపు చూసింది. "అక్కా, మిరపకాయ వేశావా?"

"ఒక్కటే వేశాను."

ఆమె నవ్వడం మొదలుపెట్టింది. నవ్వడానికి కూడా ఒంట్లో శక్తి లేక పక్కకి వాలిపోయి నవ్వింది. పొడుగామె కూడా నవ్వింది. నేను ఏడుస్తూనే నవ్వాను. ఆ సాయంత్రం ముగ్గురం మా మోటెల్ గదిలో నేల మీద కూర్చుని అన్నం తిన్నాం. మిగతా రెండు రోజుల్లో ఆ పిల్ల మళ్ళీ కొంచెం కొంచెంగా లాక్కొచ్చి ఆరో స్థానంలో ముగించింది. వెళ్ళే ముందు పొడుగామె అంది. "మా జట్టులో కొండలెక్కే మనిషి లేదు. వచ్చే ఏడాది వస్తావా?"

"వచ్చే ఏడాది నేను పాలకేంద్రం ఆఫీసులో ఉంటాను," అంది ఈ పిల్ల.

మాటిచ్చింది కాబట్టి సెప్టెంబరులో వెళ్ళిపోయింది. సైకిలు విప్పి అట్టపెట్టెలో పెట్టడానికి మా ఆయన ఒక పూటంతా సాయం చేశారు. విమానాశ్రయానికి నేనే నడిపాను. తిరిగొచ్చాక పై అంతస్తు కమ్మీ వైపు చూడలేకపోయాను. ఆ చలికాలం నేను ఊరి లైబ్రరీలో ఉద్యోగానికి చేరాను. కారు నడపడం రాకపోతే ఆ ఉద్యోగం లేదు. ఆమె ఉత్తరాలు రాసేది. ఆఫీసులో పాల లెక్కలు, బయట వాన, ఉద్యోగానికి ముందు చీకట్లోనే రెండు గంటల తొక్కుడు. తండ్రి గురించి ఏమీ రాసేది కాదు.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం తలుపు కొడితే తీశాను. భుజాన సంచీ, పక్కన అట్టపెట్టె, ఎర్రజుట్టు. నేను కౌగిలించుకుని, "ఉద్యోగం?" అన్నాను.

"మా నాన్న పీకించేశాడు," అంది.

లోపల కూర్చోబెట్టాక చెప్పింది. ఒకరోజు పొద్దున ఆఫీసుకి వెళితే తన కుర్చీలో వేరే అమ్మాయి కూర్చుని ఉందట. మేనేజర్ని అడిగితే, 'మీ నాన్నే వచ్చి చెప్పాడు, నువ్వు అమెరికా వెళ్ళిపోతున్నావని' అన్నాడట. కోపంతో ఇంటికి పరిగెత్తింది. తండ్రి ఆవు దగ్గర ఉన్నాడు. తలెత్తకుండానే, "ఆ లెక్కల టీచరు జట్టు ఇంకా అడుగుతోందా?" అన్నాడట.

"నీ ఉత్తరాలన్నీ చదివాడన్నమాట," అన్నాను.

"ప్రతి ముక్కా చదివాడు. ఏ రేసులో నా ముందు ఎవరెవరున్నారో అన్నీ చెప్పాడు. నాకు చెప్పకుండా ఉద్యోగం తీసేయించినందుకు నాలుగు రోజులు మాట్లాడలేదు నేను. విమానాశ్రయంలో మాట్లాడాను," అంది. కళ్ళు తుడుచుకోలేదు.

ఆ తర్వాతి రెండేళ్ళు ఆమెవే. మిన్నెసోటా జట్టుతో దేశమంతా తిరిగింది. చలికాలం చివర మాత్రం మా దగ్గరికి వచ్చి కొండల్లో తొక్కేది. మలుపుల భయం పోగొట్టుకోవడానికి పొడుగామె వెనకే దిగడం నేర్చుకుంది. ఎనభై మూడులో కొలరాడోలో అదే కొండ మీద గెలిచింది. నేను నెలలు నిండి ఇంట్లో ఉన్నాను. ఫోన్లో ఆ పిల్ల ఇంకా ఆయాసపడుతూనే చెప్పింది. మా ఆయన రిసీవరు లాక్కుని ఏ గేరు వాడావని అడిగారు.

ఎనభై నాలుగులో లాస్ ఏంజిలస్ ఒలింపిక్స్. అందులో మొట్టమొదటిసారి ఆడవాళ్ళకి రోడ్డు రేసు పెట్టారు. ఏడాది ముందునుంచీ ఆ పిల్ల వేరే మాట మాట్లాడలేదు. తను ఎవరెవరిని గెలిచిందో ఆ రైడర్లు అందులో ఉంటారు. కానీ ఐర్లండునుంచి ఆ రేసుకి ఆడవాళ్ళని ఎవరినీ పంపడం లేదని మేలో కబురు తెలిసింది. పొడుగామెకి అమెరికా జట్టులో చోటు రాలేదు. వయసు దాటిపోయిందని తనే అంది.

"చూడ్డానికి వెళదామా?" అని అడిగాను, అడగొచ్చో లేదో తెలియకుండానే.

"వెళదాం," అంది వెంటనే.

ఏడాది పాపని మా ఆయన దగ్గర వదిలి, పొడుగామెతో కలిసి ముగ్గురం వెళ్ళాం. కొండల మధ్య కొత్తగా కట్టిన ఇళ్ళ ఊరు. జనం తిరునాళ్ళకి వచ్చినట్టు వచ్చారు. పొద్దున్నే కొండ మీద చోటు పట్టుకుని నిలబడ్డాం. రేసు వచ్చింది. ఒక్కో చుట్టుకీ ఆ పిల్ల పేర్లు చెప్పేది, ఎవరి కాళ్ళు బాగున్నాయో, ఎవరు దాచుకుంటున్నారో. తర్వాత మెల్లగా చెప్పడం మానేసింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. చెయ్యి చల్లగా ఉంది, అంత ఎండలోనూ. పొడుగామె టోపీ కళ్ళ మీదికి లాక్కుని నిలబడింది.

మధ్యాహ్నం మగవాళ్ళ రేసు కూడా అయిపోయింది. సాయంత్రానికి జనం పలచబడ్డారు. మనుషులు అడ్డుకంచెలు లారీల్లోకి ఎక్కిస్తున్నారు. కారు దగ్గరికి వచ్చాక ఆ పిల్ల వెనక తలుపు తెరిచి సైకిలు దించింది. ముందు చక్రం బిగించుకుంది.

"ఒక్క చుట్టు వేసి వస్తాను," అంది.

రోడ్డు ఇంకా తెరవలేదు. ఒక పోలీసాయన చూసి ఏదో అనబోయి, పొడుగామె మొహం చూసి ఊరుకున్నాడు. ఆ పిల్ల పోయింది. మేమిద్దరం కారు బానెట్ మీద కూర్చున్నాం. రోడ్డు నిండా కాగితం జెండాలు, ఖాళీ గ్లాసులు. అరగంట దాటాక దూరంగా కొండ మీద ఎర్రజుట్టు కనిపించింది. సీటు మీంచి లేవలేదు. ఆ మొహంలో ఏమీ లేదు. మా దగ్గరికి వచ్చి, దిగి, హ్యాండిల్ మీద తల ఆనించి ఊపిరి తీసుకుంది.

"ఎలా ఉంది?" అంది పొడుగామె.

"ఆ కొండ నాకు సరిపోయేది," అంది. ముందు చక్రం విప్పుతూ, "అదొక్కటే తెలుసుకోవాలనిపించింది," అంది.

ఆ ఆగస్టులో యూరప్ వెళ్ళి ఫ్రెంచి జట్టులో చేరింది. నాలుగేళ్ళు అక్కడే రేసులాడింది. కొన్ని గెలిచింది, ఎక్కువ ఓడింది, ఒకసారి భుజం విరిగింది. తర్వాత వాళ్ళ ఊరికి తిరిగిపోయి, ఆదివారాలు ఆడపిల్లల్ని కూడగట్టి కొండలెక్కించడం మొదలుపెట్టింది. ఒకసారి ఫోటో పంపింది. పేవ్‌మెంటు మీద వరసగా సైకిళ్ళు పట్టుకుని నిలబడ్డ ఆడపిల్లలు, అందరి మొహాల మీదా బురద. నేను వేలుపెట్టి లెక్కపెట్టాను. ఇరవై ముగ్గురున్నారు.